కరక్కాయ పరీక్షకు నీటి కషాయమా, మిథనాల్ సారమా?

ఓరుగల్లు_ఫార్మా:
ములుగు అడవి కరక్కాయ బ్యాక్టీరియాను ఆపుతుందా అని ప్రాజెక్టు చేసే పిల్లలు ఏటా అడిగే ప్రశ్నే ఇది. నా మాట మిథనాల్‌కే. గింజ తీసి నీడన ఆరబెట్టిన పెచ్చుల పొడి 10 గ్రాములు, మిథనాల్ 100 మి.లీ., అప్పుడప్పుడు కలుపుతూ 48 గంటలు నానాలి. వడకట్టి, 40 డిగ్రీలు దాటకుండా ఆవిరి చేయాలి. నీళ్లలో మరిగిస్తే చెబ్యులినిక్ ఆమ్లం వంటి పెద్ద టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) విరిగి గాలిక్ ఆమ్లం వస్తుంది. అప్పుడు పరీక్షించేది కాయలో ఉన్నదాన్ని కాదన్నమాట.

హన్మకొండ_మైక్రో:
అన్నా, మిథనాల్ సారం ఎవరు తాగుతరు? విరిగినా సరే, కడుపులోకి పోయేది ఆ కషాయమే. దాన్నే పరీక్షించాలె. అసలు తప్పు ప్లేటు దగ్గర, అంటే బ్యాక్టీరియా పూసిన అగర్ (పోషక జెల్లీ) మీద గుంట చేసి సారం పోసే దగ్గర జరుగుతది. కరక్కాయ నోటికి వగరే గాని, కషాయంలో పీహెచ్ కాగితం ముంచితే ఆమ్లం. ఆ ఆమ్లానికే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా పెరగక గుంట చుట్టూ ఖాళీ వలయం రావచ్చు. పక్క గుంటలో అదే పీహెచ్ ఉన్న సిట్రిక్ ఆమ్లం నీళ్లు 100 మైక్రోలీటర్లు పొయ్యండి. అక్కడా అంతే వలయం వస్తే టానిన్ల గొప్ప ఏం లేదు.

ఓరుగల్లు_ఫార్మా:
ఇది ఒప్పుకుంటా. ఎండిన మిథనాల్ సారాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగిస్తాం కాబట్టి, దానికీ ఉత్త డీఎంఎస్ఓ గుంట తప్పనిసరి. సారంలో మిథనాల్ మిగిలినా బ్యాక్టీరియా చస్తుంది.

జమ్మికుంట_ల్యాబ్:
ఇద్దరూ వలయం మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయిన్రు. అగర్ 4 మి.మీ. కంటే పల్చగా పోస్తే వలయం ఊరికే పెద్దగైతది. పెద్ద టానిన్లేమో అగర్‌లో సరిగ్గా పాకవు, చిన్న వలయం చూసి బలహీనం అనుకుంటం. 96 గుంటల ప్లేటులో సగానికి సగం పల్చన చేసుకుంటూ కనీస నిరోధక గాఢత, అంటే పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు, చూడాలె. ఇక్కడా ఒక చిక్కుంది: టానిన్లు బ్రాత్‌ అనే పోషక ద్రవంలోని ప్రోటీన్లతో కలిసి తెల్లగా విరుగుతయి, అది పెరుగుదల లెక్క కనబడ్తది. అందుకే రిసాజురిన్ అనే రంగు వేస్తరు, నీలం ఉంటే పెరగలేదని, గులాబీ అయితే పెరిగిందని. కానీ కరక్కాయ మంచి యాంటీఆక్సిడెంట్. బ్యాక్టీరియా లేకున్నా తనే ఆ రంగు మార్చగలదు! బ్రాత్, సారం మాత్రమే ఉన్న గుంట పెట్టకుంటే ఆ ప్లేటును నమ్మొద్దు.

యాంటీఆక్సిడెంట్ గుణం చూసే డీపీపీహెచ్ పరీక్ష కూడా అంతే. 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచేటప్పుడు సారం సొంత రంగు తీసేయాలె. డీపీపీహెచ్ ఊదా రంగు పసుపైనంత మాత్రాన క్రిమి చచ్చినట్టు కాదు.

హన్మకొండ_మైక్రో:
ఆ బ్యాక్టీరియా లేని గుంట కూడా గులాబీ అయితే రంగును పక్కనబెట్టి, ప్రతి గుంట నుంచి 10 మైక్రోలీటర్లు కొత్త అగర్ మీద చుక్కపెట్టి మర్నాడు చూడాలె. ఏ మోతాదులో చచ్చిందో తెలుస్తది. కషాయం, మిథనాల్ సారం రెండూ ఒకే ప్లేటులో పెట్టుకోవచ్చు, ఎండిన సారం బరువు సమానంగా తీసుకుంటేనే.