బేగంపేటలో పీపీఎల్: 10 లక్షల్లో అవుతుందా, డబ్బు ఎక్కడ జారిపోతుంది?

తెల్లాపూర్_రన్‌వే అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. వయసు 34, ఐటీ ఉద్యోగం. ఎయిర్‌లైన్‌లో చేరే ఉద్దేశం లేదు, ప్రైవేట్ పైలట్ లైసెన్స్ (పీపీఎల్) వరకే కావాలి. పక్కన పెట్టుకున్నది 10 లక్షలు. కళ్లద్దాలు ఉన్నాయి, మైనస్ రెండున్నర. ఇంటర్‌లో బైపీసీ. శని, ఆదివారాలు, మధ్యలో ఒక రోజు పొద్దున ఖాళీ దొరుకుతుంది. బైపీసీ, అద్దాలు అడ్డమవుతాయా? 40 గంటలు ఎగిరితే చాలంటున్నారు, నిజంగా 40లో అయిపోతుందా? ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామంటున్నారు, కట్టేయనా?

---

వీటీ_డౌన్‌విండ్:

బైపీసీ అడ్డు కాదండి. పీపీఎల్‌కి 17 ఏళ్లు నిండి, పదో తరగతి పాసయితే చాలు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ అడిగేది కమర్షియల్ లైసెన్స్‌కి. అద్దాలూ అడ్డు కాదు, అద్దాలతో చూపు ప్రమాణానికి వస్తే పాస్ చేస్తారు. మనవాళ్లు ఆలస్యంగా కనుక్కునేది రంగుల గుర్తింపు సంగతి. చుక్కల్లో అంకెలు చదివే ఇషిహారా పరీక్షలో తప్పితే అద్దాలు మార్చినా లాభం ఉండదు. ముందు దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గర ఆ ఒక్క పరీక్ష చేయించుకోండి, చవకలో తేలిపోతుంది.

ఆ తర్వాత డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ) గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, అంటే పీపీఎల్‌కి కావాల్సిన ఆరోగ్య పరీక్ష. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, రక్తం, మూత్రం, వినికిడి, కళ్లు, ఈఎన్‌టీ చూస్తారు. మెడికల్ చేతికి రాకముందు ఏ అకాడమీకీ అడ్వాన్స్ కట్టకండి.

ఇంకో సంగతి, మన దగ్గర ఇది చాలామందికి తగులుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, పాస్‌పోర్టులో పేరు ముందూ వెనుకా మారి ఉంటుంది. డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌లో ఖాతా తెరిచే ముందే మూడింటినీ మెమోలో ఉన్నట్టు సరిచేయించండి. మధ్యలో దిద్దబోతే మెడికల్, కంప్యూటర్ నంబర్ (డీజీసీఏ పరీక్షలు రాయడానికి ఇచ్చే నంబర్), స్టూడెంట్ పైలట్ లైసెన్స్ మూడూ ఒకదాని వెనుక ఒకటి ఆగిపోతాయి.

---

హాబ్స్_మీటర్:

ఖర్చు లెక్క నేను చెప్తాను. 40 గంటలు అనేది చట్టం అడిగే కనీసం. అందులో 5 గంటలు ఒంటరిగా క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి మరో చోటికి, ఎగరాలి. వాటిలో ఒక ప్రయాణం 150 నాటికల్ మైళ్లకు, అంటే దాదాపు 278 కిలోమీటర్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి పూర్తిగా ఆగాలి. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవాళ్లు 55 నుంచి 65 గంటలకు సిద్ధపడాలి.

గంటకు 15,000 అని లెక్క కోసం అనుకుందాం. 40 గంటలకు 6 లక్షలు, 55కి 8 లక్షల 25 వేలు, 65కి 9 లక్షల 75 వేలు. అంటే మీ 10 లక్షలు విమానానికే సరిపోతాయి, మెడికల్, పరీక్షలు, హెడ్‌సెట్ దాని మీద. గంట రేటు వెయ్యి తగ్గించుకోవడానికి పడే కష్టం కంటే, గంటల సంఖ్య 65కి పోకుండా చూసుకుంటే మిగిలేది ఎక్కువ.

గంటలు పెరిగేది ఎక్కువగా ల్యాండింగ్ దగ్గర. శిక్షణ విమానం సెస్నా 172ని 65 నాట్లకు (గంటకు నాటికల్ మైళ్లు) బదులు 75తో దిగడానికి తెస్తే, ఫ్లేర్ చేసినప్పుడు (చక్రాలు తగిలే ముందు ముక్కు కొద్దిగా పైకెత్తినప్పుడు) రన్‌వే మీద తేలుతూ పోతుంది. విద్యార్థి ఓపిక పట్టలేక ముక్కు కిందికి తోస్తాడు, ముందు చక్రం ముందుగా తగిలి ఎగిరిపడుతుంది. ఎగిరిపడ్డాక మళ్లీ తోస్తే రెండో దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అక్కడ చేయాల్సింది ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవడం. ఇది చేతికి రావాలంటే వారానికి మూడు సార్టీలు (ఒకసారి ఎగిరి రావడం ఒక సార్టీ) ఉండాలి. నెలకు రెండు ఎగిరితే ప్రతి సార్టీలో సగం పోయినసారి మర్చిపోయింది గుర్తు చేసుకోవడానికే పోతుంది. మీకు మూడు రోజులు కుదురుతాయి కాబట్టి సరిపోతుంది, కానీ ఆ మూడూ వదలకండి.

బిల్లు దేని మీద వేస్తారో అడగండి. ఇంజిన్ నడిచిన సమయం చూపే హాబ్స్ మీటరా, ఇంజిన్ వేగాన్ని బట్టి లెక్కించే టాకోనా, చక్రాలకు పెట్టే అడ్డుచెక్కలు (చాక్స్) తీసిన దగ్గర్నుంచి పెట్టేదాకానా? ట్యాక్సీ (నేల మీద నడపడం), రన్ అప్ (టేకాఫ్‌కి ముందు ఇంజిన్ పరీక్ష), టవర్ పిలుపు కోసం ఆగడం కలిపి సార్టీకి 0.2 గంట పోయిందనుకోండి, 55 సార్టీలకు 11 గంటలు, అంటే లక్షా 65 వేలు. అవి లాగ్‌బుక్‌లో ఎక్కుతాయి, కానీ చేతికి పని నేర్పవు. అందుకే 40 నిమిషాల సార్టీలు రెండు కంటే గంటా పావు సార్టీ ఒకటి మేలు.

---

గాలివాటం:

అన్నా, పైసలు మొత్తం ఒక్కసారి కట్టకండి. తగ్గింపు ఎంత ఇచ్చినా వద్దు. 10 గంటలకు ఒకసారి కట్టే పద్ధతి అడగండి, వాడని గంటలు వాపసు ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. జీఎస్‌టీ సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థల ఆమోదిత కోర్సులకు మినహాయింపు ఉందని 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ వచ్చింది. ఎస్టిమేట్‌లో 18 శాతం కలిపితే ఎందుకు కలిపారో అడగండి.

ఫీజు అడిగే ముందు హ్యాంగర్ చూడండి. బోర్డు మీద ఎన్ని విమానాలని కాదు, ఈ వారం ఎన్ని ఎగిరాయి, 100 గంటలు ఎగిరాక చేసే ఇన్‌స్పెక్షన్‌లో ఎన్ని కూర్చున్నాయి, ఒక్కో విమానానికి ఎంతమంది విద్యార్థులు అని అడగండి. కమర్షియల్ విద్యార్థులు ఎక్కువున్న చోట పీపీఎల్ వాళ్లకు పొద్దున స్లాట్ దొరకడం కష్టం. డీజీసీఏ 2025 నుంచి శిక్షణ సంస్థలకు శ్రేణులు ఇస్తోంది, అది కూడా చూడండి.

పొద్దున స్లాట్ మీదే ఎందుకు పట్టు పట్టాలంటే, బేగంపేట ఎత్తు సుమారు 1,740 అడుగులు. మే మధ్యాహ్నం 40 డిగ్రీల్లో గాలి పలచబడి డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి సాంద్రతను బట్టి లెక్కించే ఎత్తు) 5,000 అడుగులు దాటుతుంది. అంటే విమానం ఆ ఎత్తులో ఉన్నట్టే పని చేస్తుంది, ఎక్కడం మందగిస్తుంది, రన్‌వే ఎక్కువ తింటుంది. వేగం మీటర్ 65 నాట్లే చూపిస్తుంది, గాలిలో అసలు వేగం 70 దాటి ఉంటుంది. పైగా వేడి గాలి కుదుపులు. కొత్తవాళ్లు ల్యాండింగ్ నేర్చుకునే వేళ కాదది. డిసెంబర్, జనవరిలో మరో చిక్కు. పొగమంచుకు విజిబిలిటీ 5 కిలోమీటర్లకు తగ్గితే ఎగరనివ్వరు, 9 దాటాక గానీ తెరుచుకోని రోజులుంటాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తక్కువ ఎత్తు మబ్బు. కాబట్టి అక్టోబర్‌లో మొదలుపెట్టండి. వారానికి మూడు బుక్ చేస్తే రెండే జరుగుతాయనుకుంటే 55 సార్టీలకు 28 వారాలు, ఏప్రిల్ చివరికి తేలుతుంది.

---

తెల్లాపూర్_రన్‌వే:

చాలా థాంక్స్ అందరికీ. అంటే వానాకాలం అంతా ఖాళీయేనా? ఇంట్లో సిమ్యులేటర్ పెట్టుకుంటే గంటలు తగ్గుతాయా?

---

వీటీ_డౌన్‌విండ్:

వానాకాలం పరీక్షలకు వాడుకోండి. రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటీరియాలజీ, ఇంజిన్, విమానం సాంకేతికాంశాలు, 70 శాతం పాస్ మార్కు. స్టూడెంట్ లైసెన్స్ చేతికి వచ్చాకే గంటలు మొదలుపెట్టండి. సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) సిద్ధమయ్యాక ఆ లైసెన్స్ కాగితం కోసం ఆగితే, చేయి మొద్దుబారకుండా ఇన్‌స్ట్రక్టర్‌తో అవే సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం) మళ్లీ డబ్బు కట్టి తిరగాలి. రేడియో లైసెన్స్ (విమానం రేడియోలో మాట్లాడటానికి కావాల్సింది) సంగతి చదివేటప్పుడు తేదీ చూడండి. పాత వ్యాసాల్లో దాన్ని ఇచ్చేది డబ్ల్యూపీసీ (టెలికాం శాఖలోని విభాగం) అని ఉంటుంది. కొత్త విమానయాన చట్టం (భారతీయ వాయుయాన్ అధినియమ్) 2025 జనవరి 1న అమల్లోకి వచ్చాక ఆ అధికారం డీజీసీఏకి మారింది.

---

హాబ్స్_మీటర్:

సిమ్యులేటర్ ఫ్లేర్ నేర్పదు, ఆ చూపు అసలు రన్‌వే మీదే రావాలి. చెక్‌లిస్ట్‌లకు, రేడియో మాటలకు మాత్రం పనికొస్తుంది. దానికి సిమ్యులేటర్ కూడా అక్కర్లేదు, కుర్చీలో కూర్చుని డౌన్‌విండ్ (రన్‌వే పక్కన సమాంతరంగా వెళ్లే భాగం) నుంచి ఫైనల్ (రన్‌వేకి సూటిగా దిగే భాగం) దాకా చేతులతో చేస్తూ పైకి చదవండి, రోజుకు పావుగంట.

రన్ అప్ గురించి ఒక్క మాట. సెస్నా 172ఎస్‌లో 1,800 ఆర్‌పీఎమ్ దగ్గర మ్యాగ్నెటోలు (ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే రెండు పరికరాలు) ఒక్కోటి ఆపి చూసేటప్పుడు ఆర్‌పీఎమ్ 150 కంటే ఎక్కువ పడినా, రెండింటి మధ్య తేడా 50 దాటినా ఆ సార్టీ రద్దు. చాలాసార్లు కారణం ప్లగ్గుల మీద పేరుకున్న సీసం. విమాన పెట్రోలు అవ్‌గ్యాస్ 100ఎల్ఎల్‌లో సీసం ఉంటుంది, నేల మీద మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు) నిండుగా, అంటే ఇంధనం ఎక్కువగా పెట్టి నెమ్మదిగా ట్యాక్సీ చేస్తే ప్లగ్గులకు పడుతుంది. ట్యాక్సీలో మిక్స్చర్ ఎంత లీన్ చేయాలో (ఇంధనం పాలు తగ్గించాలో) మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి నేర్చుకోండి, టేకాఫ్‌కి ముందు మళ్లీ సరిచేయడం చెక్‌లిస్ట్‌తో పాటు అలవాటు చేసుకోండి.

హెడ్‌సెట్ మామూలుది కొనండి. నాయిస్ క్యాన్సిలింగ్ మంచివి లక్ష పైనే, ఆ డబ్బుతో ఆరు గంటలకు పైగా ఎగరొచ్చు.