అప్‌డేట్: అమ్మానాన్నలని నెవార్క్‌లోనే దింపాం

గత నెల నేనడిగిన విషయం గుర్తుండే ఉంటుంది. మా అమ్మానాన్నలు అమలాపురం నుంచి అమెరికాలోని ఎడిసన్‌లో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్తున్నారు, టికెట్ న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్‌కి తీయాలా, దగ్గర్లోని నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌కా అని. జేఎఫ్‌కే టికెట్ మనిషికి ఆరు వేలు తక్కువ.

నెవార్క్‌కే తీశాం. మొన్న క్షేమంగా చేరారు.

మనసు మార్చింది మ్యాప్. నెవార్క్, ఎడిసన్ రెండూ న్యూజెర్సీలోనే ఉన్నాయి. జేఎఫ్‌కే న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఉంది. అక్కడి నుంచి రావాలంటే నీళ్లు దాటాలి, టోల్ కట్టాలి, ట్రాఫిక్ దొరికితే ఇక అంతే. నాన్నకి ఒక్కటే చెప్పాను: "పాలకొల్లులో పనుంటే రాజోలులో దిగి చించినాడ వంతెన దాటి వెళ్తామా?" వెంటనే ఒప్పుకున్నారు. చెల్లి కారులో గంటలోపే ఇంటికి చేరారట. కారు లేనివాళ్లకి కూడా నెవార్క్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ నుంచి ఎడిసన్ వైపు రైళ్లున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం చాలా టెన్షన్ పడ్డాం. ఏజెంట్ ఎన్‌వైసీ (న్యూయార్క్ నగరం కోడ్) అని కొట్టి వెతికాడు. అతనికి జేఎఫ్‌కే, లాగార్డియా, నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లు మూడూ కలిసి వచ్చాయి. వెళ్లేటప్పుడు నెవార్క్, తిరుగు ప్రయాణం జేఎఫ్‌కే నుంచి పడింది! డబ్బు కట్టే ముందు చెల్లి చూసింది కాబట్టి సరిపోయింది. దయచేసి రెండు వైపులా ఈడబ్ల్యూఆర్ (నెవార్క్ కోడ్) అని ఉందో లేదో మీరే చూసుకోండి.

వీల్‌చైర్ ముందే అడగమన్నవాళ్లకి దణ్ణాలు. అమ్మ మోకాళ్లకి అదే పెద్ద సాయమైంది.