అమ్మ సంవత్సరీకానికి పుస్తకం వేయాలి, ఏది ముందు, ఏది వెనక?

నాచారం చిన్నోడు:
అమ్మ నిరుడు నవంబరు 9న పోయింది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లకు ఇవ్వడానికి 32 పేజీల పుస్తకం, 300 కాపీలు వేయిద్దామని అక్కాతమ్ముళ్లం అనుకున్నం. చేతిలో ఉన్నవి: ఫొటోలు అతుక్కుపోయిన పాత ఆల్బం, అమ్మ చేతిరాతలో పచ్చళ్ల కొలతల నోట్‌బుక్. పుట్టిన ఏడు మీద తగువుంది. సర్టిఫికెట్లో 1958 జులై 1 అని ఉంటే, మేనమామేమో వికారి నామ సంవత్సరంలో, సంక్రాంతి ముందు పుట్టిందంటడు. చిక్కడపల్లిలో అచ్చుకిద్దామని ఉంది. చెప్పండి.

పంచాంగం తాత:
ముందు తేదీ చూసుకో నాయనా. సంవత్సరీకం తిథిని బట్టి గాని ఇంగ్లీషు తేదీని బట్టి కాదు. మామూలుగా ఇంగ్లీషు తేదీకి పది పదకొండు రోజులు ముందే వస్తుంది. కానీ ఈసారి నడుమ అధిక జ్యేష్ఠం అనే అదనపు నెల (2026 మే 17 నుంచి జూన్ 15) పడ్డది, కాబట్టి కార్తీక తిథులన్నీ నిరుటికంటే దాదాపు 19 రోజులు ఆలస్యమైనయి. మీది నవంబరు ఆఖరుకు వస్తది. అయ్యగారిని అడిగి తేదీ ఖాయం చేసుకున్నాకనే అట్ట మీద వేయించు.

పుట్టిన ఏడు సంగతి: మేనమామ మాటే నమ్మొచ్చు. బడిలో చేర్పించేటప్పుడు పంతుళ్లు జూన్ 1, జులై 1 రాసుకోవడం ఆ రోజుల్లో మామూలే. వికారి 1959 ఉగాది నుంచి 1960 ఉగాది దాకా. సంక్రాంతి ముందంటే ఆ ఏటి మార్గశిరమో పుష్యమో, మాసం తెలిస్తే 1959 డిసెంబరో 1960 జనవరో తేలిపోతుంది. చాలామంది ఇక్కడే 1959 అని రాసేసి ఏడాది తప్పుతరు. సరిచూసుకోవాలంటే, 1969 ఉద్యమంలో బడులు మూతపడ్డప్పుడు ఏ తరగతిలో ఉందో, పెళ్లి 1979 గోదావరి పుష్కరాలకు ముందో తర్వాతో ఆ మేనమామనే అడుగు. పెద్దవాళ్లకు ఏడు గుర్తుండకపోయినా పుష్కరాలు గుర్తుంటయి.

పాత ఆల్బం:
ఫొటోలను గోరుతో పీకొద్దు. సన్నటి పళ్ల దారం (డెంటల్ ఫ్లాస్) ఫొటో వెనక నుంచి దూర్చి రంపంలా మెల్లగా లాగండి. రాకపోతే వదిలేసి, ఆల్బం పేజీని అట్లాగే స్కానర్ మీద బోర్లించండి. ఫ్రేములో అద్దానికి అంటుకున్న ఫొటోను మాత్రం అస్సలు ఊడదీయొద్దు, రంగు పొర అద్దానికే ఉండిపోతది.

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి. రెండంగుళాల ఫొటో 1200 పిక్సెళ్లు వస్తుంది, 300 డీపీఐ అచ్చులో నాలుగంగుళాలదాకా పోతుంది. పాస్‌పోర్ట్ సైజు అయితే 1200 డీపీఐ పెట్టండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్రో తేదీయో అక్కడే దొరుకుతుంది. నోట్‌బుక్‌ను రంగుల్లోనే తీసి, కాగితం వెనక నల్ల చార్టు పెట్టండి, లేదంటే అవతలి పేజీ రాత ఇవతల కనిపించి చదవరాదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత సగం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

డీటీపీ అన్న:
1/8 డెమీ సైజు పుస్తకంలో ఫారానికి (అచ్చేసి మడిచే పెద్ద కాగితానికి) 16 పేజీలు, మీ 32 రెండు ఫారాలకు సరిగ్గా సరిపోతయి. సెంటర్ పిన్ (నడుమ మడత మీద పిన్ను) కొట్టాలంటే పేజీలు నాలుగుతో భాగించబడాలి, 34 అంటే కుదరదు. రాతకు 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో అనే మామూలు తెల్ల కాగితం చాలు. ఫొటోలు ఎక్కువైతే 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్, అట్టకు 300 ఆర్ట్ కార్డు, మ్యాట్ ల్యామినేషన్. 300 కాపీలకు డిజిటల్, ఆఫ్‌సెట్ రెండూ అడిగి ధర పోల్చండి.

యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే మావాళ్లు చాలామంది అనూ అనే పాత పద్ధతి ఫాంట్‌లోకి మారుస్తరు. అక్కడే క్షలు, ర వత్తులు చెడుతయి. ఇన్‌డిజైన్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్)లో చేసేవాళ్లైతే వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టమనండి, లేకుంటే వత్తులు విడిపోతయి. కంప్యూటర్ తెర మీద చూసి సరే అనకండి, కాగితం మీద ప్రూఫ్ తీయించుకోండి. పాత నలుపు తెలుపు ఫొటోలు అచ్చులో ఒక మెట్టు ముదురుగా పడతయి, ముందే కాస్త తేలిక చేయమనండి.

వంశవృక్షంలో పేర్లు ఒక్కో శాఖ పెద్దతో చదివించాలి. పుట్టిన ఏడు చాలు, పిల్లల పూర్తి తేదీలు, ఫోన్ నంబర్లు వద్దు. ఇంకోటి, దసరా దాటిందా ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలు, పెళ్లి కార్డులతో నిండిపోతయి. మ్యాటర్ అంతకుముందే ఇవ్వండి.

నాచారం చిన్నోడు:
అందరికీ దండాలు. లోపలి రాత ఎట్లా మొదలుపెట్టాలె? తమ్ముడు "త్యాగమూర్తి, అనురాగమయి" అని రెండు పేజీలు రాసిండు.

మేనత్త మాట:
ఆ రెండు పేజీలు ఎవరి అమ్మకైనా సరిపోతయి బాబూ, తీసేయండి. మీ చిన్నమ్మను "అమ్మ ఎట్లుండేది?" అని అడిగితే "బంగారం" అంటది, అంతే. కాపురానికి వచ్చిన్నాడు ఇంట్ల ఎంతమంది, పొయ్యి కట్టెలదా కిరోసిన్‌దా, నీళ్లు ఎక్కణ్ణుంచి మోసేది, జీతం కవరు ఎవరి చేతికి వచ్చేది అని అడుగు. ఫ్యాను ఆపి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డు చెయ్యి. ఒక్కొక్కరినే కూర్చోబెట్టు, ఇద్దరుంటే ఒకరి మాట ఒకరు దిద్దుకుంటూ పోతరు.

పచ్చళ్ల పేజీలకు కనీసం నాలుగు పేజీలు ఇయ్యి. చేతిరాత పైన, అచ్చు కింద. ఆమె సోల అని రాస్తే సోల అనే ఉంచాలె, ఇంట్ల ఆ గిన్నె ఉంటే నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లో చూసి పక్కన వెయ్యి. ఉప్పు దగ్గర జాగ్రత్త: సోలెడు దొడ్డుప్పు కంటే సోలెడు మెత్తటుప్పు బరువెక్కువ, అదే కొలతకు మెత్తటిది పోస్తే పచ్చడి నోట్ల పెట్టరాదు. నోట్‌బుక్‌లో ఏ ఉప్పో రాసి లేకుంటే చిన్నమ్మను అడిగి రాయి. అచ్చుకు పోకముందు సగం కొలతతో నిమ్మకాయ పచ్చడి ఒకటి పెట్టించి చూడు.