పొడి కొట్టినాక స్ఫటికం యాడుంటాది?

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మొన్న ఎక్స్‌రే వివర్తనం (స్ఫటికం మీద పడ్డ ఎక్స్‌రేలు కొన్ని కోణాల్లోనే బలంగా తిరిగిరావడం) పాఠంలో, "పదార్థాన్ని మెత్తగా నూరి మెషిన్‌లో పెడితే దాని స్ఫటిక నిర్మాణం తెలుస్తుంది" అన్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "పొడి కొట్టినాక ఇంక స్ఫటికం యాడుంటాది సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం తప్పు వాడిది కాదు, మాటది అనిపించింది.

స్ఫటికం అనగానే మనకు మెడలో వేసుకునే మాల, దాని తేటదనం గుర్తొస్తాయి. కెమిస్ట్రీలో తేటదనంతో పనిలేదు. లోపల అణువులు ఒకే వరసలో, ఒకే ఎడంతో మళ్లీ మళ్లీ పేర్చి ఉంటే అది స్ఫటికం. కిటికీ అద్దం ఎంత తేటగా ఉన్నా స్ఫటికం కాదు. పారాసిటమాల్ పొడి సున్నంలా ఉన్నా స్ఫటికమే. నూరితే పలుకు చిన్నదవుతుంది గానీ లోపలి వరస చెడదు. (గంటల తరబడి మొండిగా నూరితే చెడొచ్చు, అది వేరే సంగతి.)

అసలు నూరడానికీ ఒక కారణం ఉంది. రాగి నుంచి పుట్టించే ఎక్స్‌రే తరంగదైర్ఘ్యం సుమారు 1.54 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు). అణువుల వరసల మధ్య ఎడం కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. వరస సరైన కోణంలో ఎదురైతేనే కిరణం బలంగా తిరిగొస్తుంది. ఏ కోణంలో ఎంత బలంగా వచ్చిందో మెషిన్ గ్రాఫ్ గీస్తుంది, బలంగా వచ్చిన చోట శిఖరం లేస్తుంది. పొడిలో లెక్కలేనన్ని పలుకులు తలా ఒక దిక్కుకు పడి ఉంటాయి కాబట్టి, ఏ వరసకైనా సరిగ్గా ఎదురుపడేవి కొన్ని దొరుకుతాయి. 1916లో డిబై, షెరర్ అనే శాస్త్రవేత్తలు పట్టుకున్న కిటుకు ఇదే. పొడి రవ్వలా గరగరలాడితే గ్రాఫ్‌లో శిఖరాల ఎత్తులు నమ్మలేం.

నా ప్రశ్న: స్ఫటికం మానేసి పలుకు అంటే సరిపోదా?

దీనికి వచ్చిన జవాబుల్లో, కడప నుంచి ఒక అక్క: "అన్నం పలుకుగా ఉందంటే ఉడకలేదని కదా సార్! మేము కలకండ అంటాం గానీ, కోస్తావాళ్ల పటికబెల్లంలో పటిక స్ఫటికం నుంచి వచ్చిందే. మాట వంటింట్లోనే ఉంది, మార్చడం ఎందుకు?"

కర్నూలు నుంచి ఒకాయన: "మా చేన్లో పలుగురాళ్లు ఏరి ఏరి చేతులు పోయినాయి. ఆ రాయి, మీ స్ఫటికమాల రెండూ క్వార్ట్జే. మాకు మాత్రం దండ కాలేదు."

అక్కా, ఒప్పుకుంటున్నా. పారాసిటమాల్ అణువులే రెండు మూడు రకాలుగా పేర్చుకుంటాయి. కంటికి అన్నీ పలుకులే, గ్రాఫ్‌లో మాత్రం శిఖరాలు వేరే వేరే కోణాల్లో లేస్తాయి. ఆ తేడా చెప్పడానికి పలుకు చాలదు. కలకండను నూరినా, చక్కెరను నూరినా శిఖరాలు ఒకే చోట వస్తాయి. అదే చక్కెరతో చేసిన తాజా పీచుమిఠాయి పెడితే ఒక్క శిఖరమూ ఉండదు, మధ్యలో వెడల్పాటి దిబ్బ ఒకటి లేస్తుంది. దానికి గాలి తేమ తగిలి కుంగిపోయాక మళ్లీ పలుకులు తేలతాయి.

రేపు క్లాసుకు కలకండ, పీచుమిఠాయి రెండూ తీసుకెళ్తాను. మా దగ్గర ఆ మెషిన్ లేదు, గ్రాఫులు బోర్డు మీద గీయాల్సిందే.