బండి లేకుండా నారాయణగూడ, బర్కత్‌పుర వైపు కాపురం పెట్టాలంటే ఏమేం చూసుకోవాలి?

గోదావరి_గట్టు:
నమస్కారమండి. వేసవిలో రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చేస్తున్నాం. మేమిద్దరం, అమ్మ, నాన్నగారు. కారూ స్కూటరూ రెండూ వద్దనుకున్నాం. నా ఆఫీసు హైటెక్ సిటీలో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. మా ఆవిడకి ఇంటి నుంచే పని. నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నా పాలు, పేపరు, కూరలు ఆయనే తేవాలి. అది మానేస్తే ఆయనకి తోచదు.

నారాయణగూడ, బర్కత్‌పుర, చిక్కడపల్లి, నల్లకుంట వైపు చూద్దామనుకుంటున్నాం. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏమేం చూడాలి? సెలవురోజు నడిచి తిరగడానికి ఏమున్నాయి? అద్దెల సంగతి మేం చూసుకుంటాం, నడక సంగతి చెప్పండి.

చమన్_చౌరస్తా:
ఏరియా పేరు చూసి ఇల్లు తీసుకోకండి, వీధి చూసి తీసుకోండి. మీరు చెప్పిన నాలుగు పేర్లలోనూ నడకకి బంగారంలాంటి గల్లీలున్నాయి, గేటు దాటి బయటికి రావాలంటేనే భయపడే ఇళ్లూ ఉన్నాయి. తేడా అంతా ఒక్క మెయిన్ రోడ్డు దగ్గర వస్తుంది. కూరలు, మందుల షాపు, టిఫిన్ సెంటరు, బస్టాపు మీ ఇంటి వైపే ఉంటే నాన్నగారు రోజుకి రెండుసార్లు వెళ్లొస్తారు. అవే రోడ్డు అవతల ఉంటే పదిరోజుల్లో మానేస్తారు.

మ్యాపులో "5 నిమిషాలు" అని చూపించేది చురుగ్గా నడిచేవాళ్ల లెక్క, అంటే నిమిషానికి 80 మీటర్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నిమిషానికి 50 మీటర్లు నడిస్తే గొప్ప. కాబట్టి రోజూ కావలసినవన్నీ 400, 500 మీటర్ల లోపే, రోడ్డు దాటకుండా దొరకాలి. వారానికోసారి పోయే చోట్లు కిలోమీటరున్నా ఫరవాలేదు.

దాటక తప్పదనుకోండి, లెక్క చూడండి. రోడ్డు 18 మీటర్ల వెడల్పుంటే సెకనుకి 0.8 మీటరు చొప్పున నడిచే మనిషికి 22, 23 సెకన్లు పడుతుంది. అంతసేపు ఖాళీ దొరకదు. అందుకే మధ్యలో డివైడర్ మీద నిలబడడానికి జాగా ఉన్నచోటే దాటాలి, రెండు దఫాలుగా. మెట్రో స్తంభాల పక్క నుంచి మాత్రం అడుగు వేయొద్దు. స్తంభం వెనక ఉన్న మనిషి బండివాడికి ఆఖరి క్షణం దాకా కనబడడు. చౌరస్తాలో ఫ్రీ లెఫ్ట్ బళ్లు, అంటే ఎడమకి తిరిగేవి, ఎర్రలైటుకి ఆగవు కాబట్టి, సిగ్నల్ పడింది కదా అని కుడివైపు చూడకుండా దిగకూడదు. మెట్రో స్టేషను దగ్గరుంటే అసలు రోడ్డు దిగక్కర్లేదు. లిఫ్టులో టికెట్లిచ్చే అంతస్తుకి ఎక్కి, గేట్ల లోపలికి పోకుండా అవతలి లిఫ్టులో దిగిపోవచ్చు. రైళ్లు నడిచే వేళల్లోనే ఈ సౌకర్యం.

ఫుట్‌పాత్ ఉందా లేదా అనే ప్రశ్న సరిపోదు. రోడ్ల నిర్మాణ ప్రమాణాల ప్రకారం ఇళ్ల మధ్య కూడా కనీసం 1.8 మీటర్లు అడ్డులేకుండా ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన దగ్గర దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, బళ్లు, షాపు మెట్లు ఉంటాయి. ప్రతి గేటు దగ్గరా దిగి ఎక్కాలి. మోకాళ్లకి ఆ ఎక్కిదిగడమే శత్రువు. ఫుట్‌పాత్ లేకపోయినా బళ్లు నెమ్మదిగా పోయే సన్నటి సిమెంటు గల్లీ పెద్దవాళ్లకి అంతకన్నా మేలు. అక్కడ ఎదురొచ్చే బళ్లు కనబడేలా కుడిపక్కన నడవాలి.

ఇల్లు నచ్చాక మూడుసార్లు వెళ్లండి: పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, రాత్రి పదింటికి. ఒకసారైనా నాన్నగారిని తీసుకెళ్లి, చేతిలో 5 కిలోల సంచితో కూరల బజారు నుంచి ఇంటిదాకా నడిపించండి. ఆయన మధ్యలో ఎక్కడ ఆగారో, అక్కడ కూర్చోడానికి అరుగో బెంచీయో ఉందా చూడండి. రాత్రి వెళ్లినప్పుడు కుక్కల గుంపు ఏ మలుపులో ఉంటుందో తెలుస్తుంది, దీపాలు ఎక్కడ వెలగవో కూడా.

పుత్లీబౌలి_బస్:
ఆఫీసు ప్రయాణం గురించి నేను చెప్తానండి. నారాయణగూడ, చిక్కడపల్లి స్టేషన్లు గ్రీన్ లైన్లో ఉన్నాయి. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా పోయే లైను, 2020 ఫిబ్రవరిలో మొదలైంది. హైటెక్ సిటీ బ్లూ లైన్లో ఉంది. చాలామంది మ్యాపు చూసి ఎంజీబీఎస్ వైపు వెళ్తారు. నారాయణగూడ నుంచి అది రెండే స్టేషన్లు గానీ, అక్కడ రెడ్ లైన్‌కి మారి, అమీర్‌పేటలో మళ్లీ మారాలి. రెండు మార్పులు, రెండూ రద్దీ స్టేషన్లే.

దానికి బదులు ఎదురు దిక్కున జేబీఎస్ వైపు ఎక్కండి. ఆరో స్టేషను జేబీఎస్ పరేడ్ గ్రౌండ్. అక్కడి నుంచి పై వంతెన మీదుగా పక్కనే ఉన్న పరేడ్ గ్రౌండ్ స్టేషనుకి నడిచి రాయదుర్గం రైలు ఎక్కితే అమీర్‌పేటలో దిగకుండా నేరుగా హైటెక్ సిటీ. పైగా అమీర్‌పేట జనం ఎక్కకముందే మీరు ఎక్కుతారు కాబట్టి సీటు దొరికే అవకాశం ఎక్కువ.

అమ్మగారికి, మీ ఆవిడకి ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు, కండక్టరు జీరో టికెట్ ఇస్తారు. కానీ అది తెలంగాణ వాసులకే. రాజమండ్రి అడ్రసున్న ఆధార్ చూపిస్తే టికెట్ కొనాల్సిందే. ఇల్లు మారగానే అద్దె అగ్రిమెంటుతో ఆధార్లో అడ్రసు మార్పించుకోండి. అగ్రిమెంటులో పేరు, ఇంటి నంబరు స్పష్టంగా ఉండేలా మొదటే చూసుకోండి.

నల్లా_వేళ:
అన్నా, నడక సరే, నీళ్లు చూడకుండ కిరాయికి దిగకుండ్రి. ఈ దిక్కు నల్లా నీళ్లు దినం విడిచి దినం వస్తయి. ఏ టైముకి వస్తయో ఓనర్ని కాదు, వాచ్‌మన్‌నో కింది ఇంటోళ్లనో అడగాలె.

మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే నలుగురికి 540. రెండు రోజులకు 1,080. ఎనిమిది ఇండ్లున్న బిల్డింగుల సంపు, మీది ట్యాంకు కలిపి 9 వేల లీటర్లకు తక్కువుంటే ఎండాకాలం ట్యాంకరు తెప్పిచ్చుడే. అప్పుడు ట్యాంకరు పైసలు ఎవరిస్తరు అన్నది ముందే మాట్లాడుకోవాలె. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు మీటరు పనిచేస్తేనే. మీటరు ఖరాబై ఉంటే బిల్లు కిరాయిదారు మీద పడుతది. మీటరు తిరుగుతుందా లేదా కండ్లతో చూడుండ్రి.

వాన సంగతి. హుస్సేన్‌సాగర్ నుంచి మూసీకి పోయే నాలా (పెద్ద కాలువ) అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట దిక్కు నుంచే పోతది. నాలాకు దగ్గరున్న ఇల్లైతే "2020 అక్టోబరు వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయి?" అని పక్కింటోళ్లను అడుగుండ్రి. గోడ మీద మరక, లోపలి తలుపు చెక్క కింద ఉబ్బు ఉంటే జవాబు అదే. పాత గల్లీలల్ల ఇంకో తిప్పలుంది. రోడ్డు తవ్వకుండ పాత సిమెంటు మీదనే కొత్త సిమెంటు పోసుకుంట వచ్చిండ్రు. రోడ్డు లేచింది, ఇల్లు కిందికి అయ్యింది. గేటు గడప రోడ్డు కంటె జానెడన్నా మీదికి లేకుంటే గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. మోరీ నీళ్లు బాత్రూంల నుంచి ఎదురు తన్నేది కూడ ఆ ఇండ్లల్లనే.

ఇగ నాలా ఉందంటే నడకకు కూడ ఫరక్ పడుతది. దాటే వంతెనలు కొన్ని జాగలల్లనే ఉన్నయి. ఎదురుంగ కనబడే దుకాణానికి చుట్టు తిరిగి పోవాల్సొస్తది. మ్యాపుల గీత గీసి దూరం కొలవకుండ్రి.

గోదావరి_గట్టు:
అందరికీ ధన్యవాదాలండి. గడప ఎత్తు సంగతి అసలు తట్టలేదు. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర ఒక ఇల్లు, బర్కత్‌పుర లోపలి గల్లీలో ఒకటి చూశాం, రెండూ రెండో అంతస్తులే. బర్కత్‌పుర ఇంటికి లిఫ్టు లేదు. ఏది నయం?

చమన్_చౌరస్తా:
లిఫ్టు లేని రెండో అంతస్తు వద్దండి. రోజుకి రెండుసార్లు దిగి ఎక్కే మనిషి ఒకసారికి కుదించుకుంటారు, తర్వాత అదీ ఉండదు. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు 30 కిలోలు, దాని మోతకీ ప్రతిసారీ బతిమాలుకోవాలి. బర్కత్‌పురలోనే లిఫ్టున్నదో, గడప ఎత్తుగా ఉన్న గ్రౌండ్ ఫ్లోరో దొరికేదాకా ఆగండి. టులెట్ బోర్డులు గేట్లకే వేలాడుతుంటాయి. ఆన్‌లైన్లో పెట్టని పాత ఓనర్లు ఇక్కడ చాలామంది. ఆదివారం పొద్దున గల్లీగల్లీ తిరిగితే బ్రోకరు ఖర్చు లేకుండా దొరుకుతుంది.

రాంకోటి_రాత్రి:
నేను చిక్కడపల్లి వైపే మాట్లాడతాను. నగర కేంద్ర గ్రంథాలయం నడిచి వెళ్లేంత దూరంలో ఉండడం, సాయంత్రాలు త్యాగరాయ గానసభలో నాటకమో సంగీతమో ఉండడం మీ అమ్మగారికీ నాన్నగారికీ పెద్ద ఆసరా. అయితే లైబ్రరీ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల వల్ల పోటీ పరీక్షల పిల్లలతో హాస్టళ్లు, స్టడీ హాళ్లు కిక్కిరిసి ఉంటాయి. దానివల్ల లాభం: టిఫిన్, భోజనం, జిరాక్స్, మందులు పొద్దుపోయేదాకా దొరుకుతాయి. నష్టం: హాస్టల్ పక్క ఇంట్లో రాత్రి పన్నెండు దాకా మాటలు, గల్లీ నిండా బళ్లు, సంపు నీళ్లకి పోటీ. పక్క బిల్డింగు హాస్టల్ అవునో కాదో కిటికీల్లో ఆరేసిన బట్టలు చూస్తే తెలిసిపోతుంది.

ఇక తిరగడానికి. మొదటి ఆదివారం ఈ దారి పట్టండి, అచ్చంగా నడకకే పుట్టిన దారి. పొద్దున ఏడు గంటలకల్లా నారాయణగూడ నుంచి కింగ్ కోఠి ప్యాలెస్ వైపు వెళ్లండి. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1967లో కన్నుమూసింది ఆ కోఠిలోనే. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో ఆయన సమాధి ఉంది. కోఠి పర్దా గేటు చూడండి: అప్పట్లో దానికి వేలాడే తెర ఎత్తి ఉంటే నిజాం బయటికి వెళ్లారని గుర్తు.

అక్కడి నుంచి రాంకోటి మీదుగా సుల్తాన్‌బజార్. ఆసుపత్రి ఆవరణలో 1865 నాటి గడియారస్తంభం ఉంటుంది. దాని తర్వాత శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తప్పక చూడాలి. 1901లో మొదలైన గ్రంథాలయం, తెలంగాణలో తెలుగు చదువుకి ఊపిరి పోసింది ఇక్కడే. ఈ పేట ఒకప్పుడు రెసిడెన్సీ బజార్లు, బ్రిటిష్ రెసిడెంటు (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి) ఏలుబడిలో ఉండి 1933లో నిజాంకి తిరిగొచ్చింది. అది తెలిసి నడిస్తే ఆ వీధుల తీరు వేరుగా కనబడుతుంది.

కోఠి బస్టాపు దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం ఉంది. 1857 జులై 17న రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించినవాళ్లలో ఒకడు. దాడి జరిగిన భవనం పక్కనే, మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో. 1803 ప్రాంతంలో అప్పటి రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ అది. ముందు రెండు సింహాలు, పెద్ద కొరింథియన్ స్తంభాలు. చదువుల ప్రాంగణం కాబట్టి నేరుగా వెళ్తే గేటు దగ్గరే ఆపొచ్చు. చూడనిచ్చే రోజులు, వేళలు ముందే కనుక్కుని గుర్తింపు కార్డుతో వెళ్లండి.

ఓపికుంటే బ్యాంక్ స్ట్రీట్ మీదుగా ఆబిడ్స్ చేరండి. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. పది, పదకొండుకి వెళ్తే అందరూ పుస్తకాలు పరిచేసి ఉంటారు. పుస్తకం తీసుకునేముందు మధ్య పేజీలు, చివరి ఫారం (ఆఖరి పేజీల కట్ట) ఉన్నాయా చూడండి, వెల అడిగేది తర్వాత. పెద్దవాళ్లని మాత్రం ఆబిడ్స్ దాకా నడిపించకండి. కోఠి నుంచి వెనక్కి సుల్తాన్‌బజార్ మెట్రోకి వస్తే ఒక్క స్టేషను, నారాయణగూడలో దిగిపోవచ్చు.

బడీచౌడీలో కూరలు కొనాలంటే అది వేరే రోజు పెట్టుకోండి. మోతతో ఈ నడక కుదరదు. చక్రాల సంచి తెచ్చుకున్నా ఆ గల్లీ గుంటల్లో చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి, అరచేయంత చక్రాలున్నదే కొనండి.

నల్లా_వేళ:
వానాకాలం గురించి ఒక మాట మర్చిపోయిన. నీళ్లు నిలిచినప్పుడు అంచు పొంటి నడవకుండ్రి, మోరీ మూతలు ఎక్కువ ఆడనే ఉంటయి, లేచిపోతే కనబడవు. కరెంటు స్తంభాన్ని, షాపు బోర్డును చేత్తో పట్టుకోవద్దు. మోకాళ్ల దాకా నీళ్లుంటే తగ్గేదాక మెట్రో స్టేషన్ల ఆగుడే మంచిది, సాధారణంగ గంట, గంటన్నరల తగ్గుతది. మీ నాయిన పోయే తొవ్వల మ్యాన్‌హోళ్లు ఎక్కడున్నయో ఎండల్నే ఒకసారి చూపెట్టి ఉంచుండ్రి.