చీలమండ బెణికాక ప్రతి ఆటకూ టేపు వేయించాలా?

పెరంబూరువాసి:
పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడుతూ, ఎగిరి దిగేటప్పుడు కుడి పాదం లోపలికి తిరిగి చీలమండ బెణికించుకుంది. ఎముకకు దెబ్బ తగల్లేదని ఎక్స్‌రేలో తేలింది. వాపు తగ్గి మామూలుగా నడుస్తోంది. ఇక ఆడేటప్పుడు క్రేప్ బ్యాండేజ్ చాలునని కోచ్ గారు అంటున్నారు, మందుల దుకాణంలో సాగే రంగు టేపు చూపించారు, తోటి పిల్లలు తెల్లటి గట్టి టేపు వేయించుకుంటున్నారు. వీటిలో ఏది వాడాలో, ఎంతకాలం వాడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

తాంబరం ఫిజియో:
క్రేప్ బ్యాండేజ్ బెణికిన తొలి రోజుల్లో వాపును అదుపు చేయడానికి ఉద్దేశించినది. దానిని వేళ్ల మొదళ్ల నుంచి పైకి, పోనుపోను బిగువు తగ్గిస్తూ చుట్టాలి. వేళ్లు నీలంగా మారినా తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలి. ఆటలో మెలిక పడే పాదాన్ని అది ఆపలేదు. రంగు టేపును 1970లలో జపాన్‌కు చెందిన కెంజో కాసే రూపొందించారు. అది చర్మంతోపాటే సాగుతుంది కనుక కీలును కట్టడి చేయదు. కొందరికి నొప్పి కాస్త తగ్గినట్లు అనిపించవచ్చు, అంతకుమించి ఆశించడం అనవసరం.

మీకు కావలసింది తోటి పిల్లలు వేయించుకునే ఆ తెల్లటి గట్టి టేపే, అంటే 38 మిల్లీమీటర్ల వెడల్పుండే జింక్ ఆక్సైడ్ టేపు. పాదాన్ని కాలితో లంబకోణంలో నిలిపి, పిక్క దిగువన ఆధారపట్టీ వేసి, అక్కడి నుంచి లోపలి వైపుగా దిగి, మడమ కిందుగా వచ్చి, బయటి వైపున పైకి లాగుతూ రెండు మూడు పట్టీలు అతికించాలి. ఈ రకం బెణుకులో సాగేది బయటి వైపు లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) కాబట్టి లాగే దిశ తప్పితే టేపు వేసిన ప్రయోజనమే ఉండదు. ఆ తర్వాత మడమను ఇరువైపులా బంధించే చుట్లు వేస్తారు. మొదట తెలిసినవారి చేత వేయించి, చూసి నేర్చుకోండి.

మాజీ వాలీబాల్ ఆటగాడు:
ఫిజియో గారి మాటకు మన చెన్నై ఉక్కను కూడా జోడించాలి. ఎంత బాగా వేసినా ఇరవై ముప్పై నిమిషాల ఆటకే టేపు పట్టు సడలుతుంది, ఇక్కడి చెమటకు అంచులు ఇంకా ముందే లేస్తాయి. చర్మాన్ని పూర్తిగా తుడిచి ఆరబెట్టాకే వేయాలి. ప్రతి ఆటకూ టేపు కొనడంకన్నా లేసులతో బిగించే చీలమండ బ్రేస్ (కీలును పట్టి ఉంచే తొడుగు) ఒకటి కొనడం మేలని నా అభిప్రాయం; సడలితే విరామంలో అమ్మాయి తానే బిగించుకోగలదు.

పెరంబూరువాసి:
ధన్యవాదాలు. బ్రేస్ రోజంతా ఉంచాలా? దానికి అలవాటుపడితే కాలు బలహీనమవుతుందని మా అత్తగారి భయం.

తాంబరం ఫిజియో:
ఆటకూ సాధనకూ మాత్రమే వేయండి, ఇంట్లో అవసరం లేదు. ఆడేటప్పుడు ధరించినంత మాత్రాన బలహీనత రాదని అత్తగారికి చెప్పండి. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణికే అవకాశం ఎక్కువ కనుక కొన్ని నెలలపాటు ఆపవద్దు. ఆలోగా ఒంటికాలిపై నిలబడటం, అలవాటయ్యాక కళ్లు మూసుకుని నిలబడటం రోజూ చేయించండి. కీలుకు తన స్థితిని గ్రహించే నేర్పు తిరిగి వచ్చేది దీనివల్లనే. మళ్ళీ బెణికి, నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముకల వెనుక అంచును నొక్కితే నొప్పి పుట్టినా, టేపు వేసి ఆడించకుండా ముందు ఎక్స్‌రే తీయించండి.