ఉక్రెయిన్ యుద్ధం: విశాఖలో కూర్చుని తటస్థంగా తీర్పు చెప్పగలమా?

సాగర్‌నగర్:
ఈ యుద్ధం గురించి యూరప్ వాళ్లు భయంతో మాట్లాడతారు. అమెరికా వాళ్లు ఆయుధాలు పంపుతూ మాట్లాడతారు. మనకి అక్కడ సరిహద్దు తగాదా లేదు, పాత పగా లేదు. కాబట్టి తప్పెవరిదో చెప్పాలంటే మనలాంటి దూరపువాళ్లే తగినవాళ్లని నా వాదన. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యాను తప్పుపట్టే తీర్మానానికి 141 దేశాలు ఓటేశాయి, 5 వ్యతిరేకించాయి, 35 ఓటింగుకు దూరంగా ఉన్నాయి. ఆ 35లో మనమూ ఉన్నాం. కొందరు దాన్ని పిరికితనం అంటున్నారు. నాకది సరైన తటస్థతే. కాదనేవాళ్లు రాయండి. తిట్లు మాత్రం వద్దు.

గాజువాక 26:
మనకేటి పగ లేదు గురూ, ప్రేముంది కదా! బీచ్‌రోడ్డులో కుర్సురా ఎక్కిన ప్రతి పిల్లాడికీ వాళ్ల నాన్న చెప్పేదేటి? రష్యావోడిచ్చిన సబ్‌మెరైన్ అని. స్టీల్ ప్లాంటు రష్యావోడి సాయంతో కట్టిందే. 71 బంగ్లాదేశ్ యుద్ధంలో అమెరికా ఎంటర్‌ప్రైజ్ నౌకని బంగాళాఖాతంలోకి తోలితే మన పక్కన నిలబడిందెవడు? ఇంత బాకీ పెట్టుకుని తటస్థులమంటే నవ్వుతారు. నేను రష్యా వైపే. దాచుకోడం ఎందుకు?

డాక్‌యార్డ్ రిటైర్డ్:
బాబూ, నువ్వు చెప్పేవన్నీ సోవియట్ యూనియన్ నాటి సంగతులు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ పేరు వినే ఉంటావు. 1980లో నౌకాదళంలో చేరింది, 2021 మే 21న ఇక్కడే మన డాక్‌యార్డులో డీకమిషన్ చేశారు. దాన్ని కట్టింది మికొలయివ్ షిప్‌యార్డులో. ఆ ఊరు ఉక్రెయిన్‌ది. 2022 మార్చి 29న రష్యా క్షిపణి అక్కడి ప్రాంతీయ ప్రభుత్వ భవనాన్ని మధ్యకి చీల్చేసింది, ఫొటోలు చూసే ఉంటావు. మన యుద్ధనౌకలు చాలావాటికి గ్యాస్ టర్బైన్లు కూడా ఆ ఊరి ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. కుర్సురా 1969లో మన చేతికొచ్చింది రీగాలో. ఇప్పుడది లాత్వియా రాజధాని, లాత్వియా నాటో దేశం. బాకీ తీర్చాలనుకుంటే తీర్చు, కాదనను. మొత్తం పట్టుకెళ్లి మాస్కో ఒక్కదానికే కట్టేస్తానంటే లెక్క కుదరదు.

గాజువాక 26:
బాబాయ్, మికొలయివ్ సంగతి ఎవరూ చెప్పలేదు మాకు 🙏 అయినా 71లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో మన కోసం వీటో వేసింది మాస్కోయే కదా.

ఎంవీపీ కాలనీ:
మా అబ్బాయి అప్పుడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. మార్చి 1న సరుకుల కోసం బయటికెళ్లిన కర్ణాటక విద్యార్థి షెల్లింగ్‌లో చనిపోయాడన్న వార్త టీవీలో వచ్చినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆపరేషన్ గంగ విమానంలో పిల్లాడు ఇల్లు చేరాడు. ఏడాది తిరిగేసరికి మా వారే పేపరు చదువుతూ, రష్యా నుంచి చవగ్గా ముడిచమురు వస్తోంది, మనవాళ్లు మంచి పని చేశారు అన్నారు. నాకు ఒళ్లు మండింది. తటస్థత సంగతి నాకు తెలీదు గానీ, సాగర్‌నగర్ గారూ, మనం దూరంగా ఉన్నామని మాత్రం అనకండి.

సాగర్‌నగర్:
అమ్మా, మీ బాధ కాదనలేను. కానీ బిడ్డ చిక్కుకున్న తల్లిని తీర్పరిగా కూర్చోబెట్టరు కదా. నా వాదనకి అదే బలం.

ఏయూ పాత విద్యార్థి:
బిడ్డ చిక్కుకున్న తల్లి తీర్పరి కాకూడదు, సరే. చవక చమురు కొనేవాడు కావచ్చా? యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా నూటికి 2 కూడా లేదు. రెండేళ్లలో మూడో వంతు దాటింది. కొనడం తప్పని నేననను, బీద దేశానికి ఆ హక్కుంది. కొంటూ కొంటూ నాకే ప్రయోజనమూ లేదు కాబట్టి నా మాట నమ్మండి అనడం దగ్గరే పేచీ.

అసలు ఏ మరకా లేని తీర్పరి ఎక్కడైనా ఉన్నాడా? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో యుద్ధనేరాల విచారణలో 11 మంది న్యాయమూర్తులు. నిందితులందరూ నిర్దోషులని 1948లో రాసింది ఒక్కరే, మన రాధాబినోద్ పాల్. జపాన్ సైన్యం దారుణాలు జరగలేదని ఆయన అనలేదు. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల మీద తీర్పు చెప్పడం న్యాయమెలా అవుతుందన్నారు. వలస రాజ్యాలు ఏలుతున్న దేశాలు దురాక్రమణ గురించి పాఠాలు చెప్పడమేమిటన్నారు. తెల్లవాడి పాలనలో బతికిన మనిషి కాబట్టే మిగతావాళ్లకు ఆనని సంగతి ఆయనకు కనిపించింది. ఆ చూపులోనే చైనాలో చచ్చిపోయినవాళ్లు కాస్త వెనక్కి జరిగిపోయారని కూడా నాకనిపిస్తుంది. తర్వాత జపాన్ జాతీయవాదులు ఆ తీర్పునే తమ దేశానికి నిర్దోషి పత్రంలా తిప్పుకున్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ రోజు ఇక్కడ అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషి పాల్ గారి కుర్చీలో ఉంటే ఆ తీర్పు అలాగే వచ్చేదా?

మనసులో ఏ వైపూ లేకపోవడం ఎవరి తరమూ కాదు. చేయగలిగిందల్లా ఇద్దరికీ ఒకే కొలత పెట్టడం. ఇందులో మనం నెగ్గామా? 2003లో ఇరాక్ మీద అమెరికా దాడిని మన పార్లమెంటు తీర్మానం చేసి మరీ తప్పుపట్టింది. 2022లో అలాంటి తీర్మానం రాలేదు.

సాగర్‌నగర్:
కొలత అంటే 1971 కూడా కొలవాలి మాస్టారూ. డిసెంబరు 7న సర్వసభ్య సభలో 104 దేశాలు యుద్ధం ఆపి సైన్యాలు వెనక్కి తీసుకోవాలని ఓటేశాయి. మన వైపు 11, ఎటూ కానివి 10. ఆ 104 దేశాలు కూడా దూరంగా కూర్చుని నియమం చూశాయి గానీ, మన నెత్తిన పడ్డ కోటి మంది శరణార్థులను చూడలేదు. తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్‌లో మావాళ్లున్నారని రష్యా అంటే మాత్రం మనం నియమం చదవాలా?

ఏయూ పాత విద్యార్థి:
మంచి దెబ్బ. ఏ వాస్తవాన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్నచోటే పక్షపాతం దూరుతుంది, నిజమే. కానీ చివరిదాకా కొలవండి. 1972 మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ వదిలి వచ్చేసింది. ఒక్క జిల్లా కూడా మనలో కలుపుకోలేదు. 2022 సెప్టెంబరు 30న రష్యా నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలు తనవని ప్రకటించుకుంది. ఈ తేడా చూడటానికి తటస్థుడే కానక్కర్లేదు, రష్యా అభిమానికైనా కనబడుతుంది.

సాగర్‌నగర్:
అయినా ప్రభుత్వ ఓటు వేరు, తీర్పు వేరు. రేపు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాలంటే ఈ రోజు నోరు అదుపులో ఉంచుకోవాలి.

డాక్‌యార్డ్ రిటైర్డ్:
తుర్కియే నోరు కట్టుకుందా? నాటో సభ్య దేశం, ఉక్రెయిన్‌కి డ్రోన్లు అమ్మింది, ఆ మార్చి 2 తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. అదే తుర్కియే ఐక్యరాజ్యసమితితో కలిసి 2022 జులై 22న ఇస్తాంబుల్‌లో నల్లసముద్రం ధాన్యం ఒప్పందం కుదిర్చింది. ఏడాది తర్వాత రష్యా తప్పుకున్న మాట నిజమే. అయినా ఆ ఏడాదీ ఉక్రెయిన్ ధాన్యం ఓడలు కదిలాయి. పోర్టు ఉన్న ఊళ్లో దాని విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు.

గాజువాక 26:
సరే పెద్దలూ, ఇంత రాశారు కదా. సూడాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి కాల్చుకుంటన్నారు. ఈ చర్చలో దాని పేరు ఎవరైనా ఎత్తారేటి? మా తెలుగు చానెల్స్‌లో ఎన్నిసార్లు చూశారు? చూడని యుద్ధానికి అందరం తటస్థులమే.

ఎంవీపీ కాలనీ:
ఇది మాత్రం బాగా అడిగావు నాయనా.

సాగర్‌నగర్:
గాజువాక తమ్ముడూ, సూడాన్‌కి వేరే చర్చ పెడదాం. ముందు మాస్టారు అడిగిన నాలుగు ప్రాంతాల సంగతికి నీ జవాబేంటి?

గాజువాక 26:
అది తప్పే, కాదనట్లేదు. అయినా నేను రష్యా వైపే.